పై మూడూ నిలిచాయి, నాలుగోది పడిపోయింది: మరి రోల్‌బ్యాక్ ఏమైనట్టు?

హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న పాఠకురాలి ఉత్తరం ఇది. తన పేరూ కంపెనీ పేరూ వద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్ల కంపెనీ మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8. టేబుల్స్‌లో మార్పులు కావాల్సినప్పుడల్లా ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు రాసి, నోడ్‌లో సొంతంగా రాసుకున్న రన్నర్‌తో నడుపుతారు. ఆ రన్నర్ ఫైలు మొత్తాన్ని ఒకే ముక్కగా సర్వర్‌కు పంపుతుంది. దాన్ని రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు.

ఈసారి ఫైల్లో ఆరు స్టేట్‌మెంట్లు, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు, ఉన్నాయి. మొదటిది కస్టమర్ల టేబుల్లో కొత్త ఫోన్ కాలమ్ చేరుస్తుంది. రెండోది చిరునామాలకు కొత్త టేబుల్ కడుతుంది. పాత కాలమ్‌లో నంబర్లు ఒక్కో షాపువాళ్లు ఒక్కో తీరుగా కొట్టారు. కొన్నిటికి ముందు ప్లస్ 91, కొన్నిటికి సున్నా, కొన్నిటి మధ్య ఖాళీలు. మూడోది వాటిని శుభ్రం చేసి పది అంకెలుగా కొత్త కాలమ్‌లో నింపే అప్‌డేట్. నాలుగోది ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్, అంటే ఒకే నంబరు రెండు వరసల్లో రాకుండా చూసేది. ఐదోది పాత కాలమ్‌ను తీసేస్తుంది. ఆరోది ఎస్సెమ్మెస్ టెంప్లేట్ల టేబుల్లో ఒక వరస చేరుస్తుంది. అన్నిటికీ పైన స్టార్ట్ ట్రాన్సాక్షన్, కింద కమిట్. అంటే కమిట్ దాకా వస్తేనే అన్నీ శాశ్వతం కావాలి, మధ్యలో తేడా వస్తే రోల్‌బ్యాక్ అయి అన్నీ వెనక్కి పోవాలి అని ఉద్దేశం.

ముందుగా నడిపి చూసుకునే నకలు డేటాబేస్‌లో, అంటే స్టేజింగ్‌లో, చక్కగా నడిచింది. శుక్రవారం రాత్రి షాపులు నిజంగా వాడే ప్రొడక్షన్‌లో నాలుగో స్టేట్‌మెంట్ దగ్గర 1062 ఎర్రర్ వచ్చింది: డూప్లికేట్ ఎంట్రీ. ట్రాన్సాక్షన్ ఉంది కదా, అంతా వెనక్కి వెళ్లిపోయి ఉంటుందనుకుని మళ్లీ నడిపారు. ఈసారి మొదటి స్టేట్‌మెంట్ దగ్గరే 1060: ఆ పేరుతో కాలమ్ ఇప్పటికే ఉంది. యాప్ కొత్త వెర్షన్ విడుదల ఆపేశారు కాబట్టి షాపులకు ఇబ్బంది రాలేదు.

మర్నాడు కాల్‌లో టీమ్ లీడ్, "ట్రాన్సాక్షన్‌లో పెట్టకుండా ఎలా నడిపావమ్మా?" అని అందరి ముందూ అడిగారట. పెట్టానని ఫైలు చూపించినా, "మా పాత కంపెనీలో ఏళ్ల తరబడి ఇలాగే నడిపాం, ఒక్కసారి కూడా సగంలో ఆగలేదు, నువ్వే ఎక్కడో తేడా చేసి ఉంటావు" అన్నారట. ఇకనుంచి రాత్రిపూట ఒక్కో స్టేట్‌మెంట్ చేత్తోనే నడపమంటున్నారు. ఒక సహోద్యోగి సెమికోలన్ దగ్గర ఫైలును విడగొట్టి పంపితే సరిపోతుందంటున్నాడు. ఇంకొకరు ఇలాంటి ఫైళ్లను నడిపే ఫ్లైవే అనే టూల్ తెద్దామంటున్నారు, ఇంకొకరు ఏకంగా పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్‌కు మారదామంటున్నారు. ఆవిడకు మాత్రం డిప్లాయ్‌మెంట్ అంటేనే టెన్షన్ పట్టుకుంది, ఆ పని వేరేవాళ్లకు ఇవ్వమని అడుగుదామా అనుకుంటున్నారు. "తప్పు నాదేనా? సగంలో ఉన్న దాన్ని ఇప్పుడేం చేయాలి?" అన్నవి ఆవిడ అసలు ప్రశ్నలు. చివర్లో ఒక చిన్న సందేహం కూడా ఉంది: ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే ఉంచే చిన్న ప్రోగ్రామ్) ఉన్న ఫైల్లో డెలిమిటర్ లైను పెడితే రన్నర్‌లో ఎందుకు నడవదని.

*

మీ ఉత్తరం మధ్యలో, పెద్దగా పట్టించుకోనట్టు ఒక మాట రాశారు: లీడ్ గారి పాత కంపెనీలో వాడింది పోస్ట్‌గ్రెస్ అని. మీ ఇద్దరి గొడవా ఆ మాట దగ్గరే తేలిపోతుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మీరూ తేడా చేయలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో క్రియేట్ టేబుల్, ఆల్టర్ టేబుల్, డ్రాప్ టేబుల్, క్రియేట్ ఇండెక్స్ వంటివి, అంటే టేబుల్ కట్టడాన్నే మార్చే స్టేట్‌మెంట్లు, అప్పటికి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను తమంతట తామే కమిట్ చేసేస్తాయి. ఎర్రరూ రాదు, హెచ్చరికా రాదు. మీ ఫైల్లో స్టార్ట్ ట్రాన్సాక్షన్ తర్వాత వచ్చిన మొదటి లైనే ఆల్టర్ టేబుల్. అంటే మీరు తెరిచిన ట్రాన్సాక్షన్ ఒక్క పని కూడా చేయకుండానే మూసుకుపోయింది. అక్కడినుంచి సర్వర్ మామూలు ఆటోకమిట్‌లోకి, అంటే ప్రతి స్టేట్‌మెంట్ దానంతటదే కమిట్ అయ్యే పద్ధతిలోకి, వచ్చేసింది కాబట్టి మూడో స్టేట్‌మెంట్‌లోని అప్‌డేట్ కూడా అది పూర్తవగానే శాశ్వతమైంది. నాలుగోది పడిపోయేసరికి వెనక్కి తీయడానికి ఏమీ మిగల్లేదు. ఒరాకిల్‌ది కూడా ఇదే పద్ధతి.

పోస్ట్‌గ్రెస్‌లో అలా కాదు. టేబుల్ కట్టినా, కాలమ్ చేర్చినా అది ట్రాన్సాక్షన్‌లో భాగంగానే ఉంటుంది, రోల్‌బ్యాక్ అంటే నిజంగానే అన్నీ వెనక్కి పోతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ కూడా చాలావరకు అంతే. లీడ్ గారి అనుభవం అక్కడిది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్ 8 వచ్చినప్పుడు "అటామిక్ డీడీఎల్" అని గొప్పగా చెప్పుకున్నారు. డీడీఎల్ అంటే ఇలా టేబుల్ కట్టడాన్ని మార్చే స్టేట్‌మెంట్లే. ఆ పేరు విని ఫైలు మొత్తానికి రక్షణ ఉందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని హామీ ఒక్క స్టేట్‌మెంట్‌కే: ఒక ఆల్టర్ జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. రెండు ఆల్టర్లను కలిపి వెనక్కి తీసే శక్తి దానికి లేదు.

ఇది లీడ్ గారికి నోటితో చెబితే మళ్లీ వాదనే అవుతుంది. ఖాళీ టెస్ట్ డేటాబేస్‌లో ఆయన చేతే నాలుగు లైన్లు కొట్టించండి: స్టార్ట్ ట్రాన్సాక్షన్, ఏదో ఒక టేబుల్లో ఒక ఇన్‌సర్ట్, వేరే పేరుతో ఒక క్రియేట్ టేబుల్, ఆ తర్వాత రోల్‌బ్యాక్. ఇప్పుడు సెలెక్ట్ చేస్తే ఇన్‌సర్ట్ చేసిన వరస అక్కడే ఉంటుంది. అవే లైన్లు పోస్ట్‌గ్రెస్‌లో కొడితే వరస ఉండదు, టేబుల్ కూడా ఉండదు. ఈ పని ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చేయాలా, అందరి ముందా అన్నది మీ ఇష్టం. కాల్‌లో మిమ్మల్ని నిలదీశారు కాబట్టి మళ్లీ కాల్‌లోనే చూపించాలనిపించడం సహజం. అలా చేస్తే మీ మాట నెగ్గుతుంది గానీ, ఆయన మరో కారణం వెతుక్కోవచ్చు. విడిగా చూపించి, "టీమ్‌లో అందరికీ ఇది తెలియాలి సార్, మీరే చెబితే బాగుంటుంది" అంటే మీ మీద పడిన మాట ఆయన నోటితోనే పోతుంది. అలా విడిగా చూపించాక కూడా ఆయన ఒప్పుకోకపోతే, అప్పుడు జరిగిందంతా ఒక పేజీలో రాసి టీమ్‌కు పంపండి. ఎవరి పేరూ పెట్టకుండా, ఏ స్టేట్‌మెంట్ తర్వాత డేటాబేస్ ఏ స్థితిలో ఉందో మాత్రమే రాయండి.

ఇక సగంలో ఆగిన పని సంగతి. మీ అదృష్టం ఏమిటంటే ఐదో స్టేట్‌మెంట్ దాకా పోలేదు. పాత ఫోన్ కాలమ్ చెక్కుచెదరకుండా ఉంది, పాత యాప్ దాన్నే వాడుతోంది. కాబట్టి తొందర లేదు. మీ ముందు రెండు దారులున్నాయి.

ఒకటి వెనక్కి పోవడం: కొత్త కాలమ్‌ను, చిరునామాల టేబుల్‌ను తీసేసి శుక్రవారం ముందున్న స్థితికి తేవడం. వాటిలోకి యాప్ ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి డేటా నష్టం లేదు. కాకపోతే కాలమ్ తీయడం కూడా మరో ఆల్టరే. 8.0.29 నుంచి అది వెంటనే అయిపోయే వీలుంది, అంతకు ముందు వెర్షన్లలో టేబుల్ మొత్తాన్ని మళ్లీ కడుతుంది. ముందుగా కాపీ మీద నడిపి ఎంతసేపు పడుతుందో చూసుకోండి.

రెండోది ముందుకే పోవడం: జరిగిన మూడింటినీ అలాగే ఉంచి, మిగిలినవి కొత్త ఫైళ్లుగా రాయడం. ఇందులో ఒక చిక్కుంది. శుక్రవారం రాత్రి తర్వాత చేరిన కస్టమర్లకు కొత్త కాలమ్‌లో నల్ (అంటే ఏమీ లేకపోవడం) ఉంటుంది, ఈమధ్య నంబరు మార్చుకున్నవాళ్లకు పాత నంబరే ఉంటుంది. నల్ ఎన్ని వరసల్లో ఉన్నా యూనిక్ ఇండెక్స్ అడ్డుచెప్పదు కాబట్టి ఈ లోటు ఎర్రర్‌గా బయటపడదు. అందుకని ఆ అప్‌డేట్‌ను టేబుల్ మొత్తానికి మళ్లీ నడపాలి. అదీగాక ఆ ఫైలు స్టేజింగ్‌లో పూర్తయింది, ప్రొడక్షన్‌లో సగమే అయింది. ఇక నుంచి రెండిటి చరిత్రా వేరు. టేబుల్ మరీ పెద్దది కాకపోతే నేనైతే వెనక్కి పోవడం వైపే మొగ్గుతాను.

ఏ దారిలో పోయినా ఆ డూప్లికేట్ల దగ్గర ఆగాల్సిందే. ఇక్కడ మీ డేటాబేస్ సరైన కబురే చెప్పింది. మన ఇళ్లలో నానమ్మ బీపీ మాత్రలకూ, పిల్లల దగ్గు మందుకూ కౌంటర్లో చెప్పేది నాన్నగారి నంబరే. ఒకే నంబరు మీద నలుగురు కస్టమర్లు ఉండటం తప్పుడు డేటా కాదు, అది కుటుంబం. చాలామంది ఈ సమయంలో చేసే పని ఏమిటంటే, ఒక్కో నంబరుకు ఒక వరస ఉంచి మిగతావి డిలీట్ చేయడం. దయచేసి ఆ పని చేయకండి. నానమ్మ మందుల చరిత్ర మనవడి పేరు మీదకు పోతుంది, లేదా మొత్తానికే పోతుంది. ముందు గ్రూప్ బై, హ్యావింగ్ కౌంట్ పెట్టి ఒకటికి మించి ఉన్న నంబర్ల జాబితా తీయండి. దాన్ని షాపులతో మాట్లాడేవాళ్ల ముందు పెట్టండి. కుటుంబాలే ఎక్కువైతే యూనిక్ వద్దు, మామూలు ఇండెక్స్ చాలు. నిజంగా ఒకే మనిషి రెండుసార్లు చేరి ఉంటే కలపడం వేరే పని, దానికి వేరే స్క్రిప్టు, వేరే అనుమతి కావాలి.

స్టేజింగ్‌లో ఇదెందుకు దొరకలేదంటే అక్కడ కుటుంబాలు లేవు. ప్రొడక్షన్ బ్యాకప్ నుంచి స్టేజింగ్‌ను మళ్లీ కట్టండి. పేర్లూ నంబర్లూ మార్చాల్సిందే, అవి జనం వివరాలు. కానీ ప్రతి వరసకూ తోచిన నంబరు పెడితే డూప్లికేట్లన్నీ మాయమైపోతాయి, మీ స్క్రిప్టు మళ్లీ చక్కగా నడిచి మళ్లీ మోసం చేస్తుంది. ఒక నంబరుకు ఎక్కడ వచ్చినా ఒకే మారు నంబరు రావాలి, ముందున్న ప్లస్ 91 లాంటివి కూడా అలాగే ఉండాలి.

ఇకముందు ఎలా నడపాలన్నదానికి మీ ఆఫీసులో నాలుగు సలహాలు వచ్చాయి. సెమికోలన్ దగ్గర విడగొట్టడంతో మొదలుపెడతాను, ఎందుకంటే వాటన్నిటిలో నాకు భయం కలిగించేది అదే. మీ ఎస్సెమ్మెస్ టెంప్లేట్ వాక్యంలో ఒక సెమికోలన్ ఉంటే అక్కడే స్టేట్‌మెంట్ రెండు ముక్కలవుతుంది. కామెంట్‌లో ఉన్నా అంతే, ప్రొసీజర్ లోపల ఉన్నా అంతే. ఫైలు మొత్తంగా పంపినప్పుడు విడగొట్టే పని సర్వరే సరిగ్గా చేస్తుంది, మొదటి ఎర్రర్ దగ్గర ఆగుతుంది కూడా. విడగొట్టి పంపినా కమిట్‌ల తీరు మారదు. ఏది పడిపోయిందో తెలుస్తుంది, అంతే.

అయితే మొత్తంగా పంపడానికి మీ రన్నర్‌లో మల్టిపుల్ స్టేట్‌మెంట్స్ అనే ఆప్షన్ ఆన్ చేసి ఉంటారు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, దానికి కారణం ఉంది. అది ఆన్‌లో ఉంటే, యాప్‌లో ఎక్కడైనా ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే యాప్‌లో నింపే వివరాల్లో తన సొంత ఎస్‌క్యూఎల్ దూర్చడానికి, సందు దొరికినవాడు ఒక సెమికోలన్ పెట్టి డ్రాప్ టేబుల్ కూడా జోడించగలడు. రన్నరూ యాప్ సర్వరూ ఒకే కనెక్షన్ సెట్టింగులు వాడుతున్నాయేమో ఈరోజే చూడండి. వాడుతుంటే మైగ్రేషన్లకు (అంటే ఈ మార్పుల ఫైళ్లు నడపడానికి) వేరే యూజర్, వేరే కనెక్షన్ పెట్టి, యాప్ వైపు ఆ ఆప్షన్ తీసేయండి. సగం మైగ్రేషన్ కన్నా ఇది పెద్ద ప్రమాదం. పీహెచ్‌పీలో మల్టీ క్వెరీ వాడే పాఠకులకు కూడా ఒక మాట: అది ట్రూ ఇచ్చిందంటే మొదటి స్టేట్‌మెంట్ బాగుందని మాత్రమే. తర్వాతి ఫలితాలను ఒక్కొక్కటిగా తీసి చూస్తే తప్ప మిగతావాటి ఎర్రర్లు కనిపించవు.

చేత్తో నడపడం లీడ్ గారి సలహా. దానికీ ఒక మంచి వైపు ఉంది. ప్రతి స్టేట్‌మెంట్ తర్వాత మనిషి కళ్లు పడతాయి, తేడా వస్తే అక్కడే ఆగొచ్చు. కానీ ఏం నడిచిందో రికార్డు ఉండదు, రాత్రి పన్నెండు దాటాక స్టేజింగ్ అనుకుని ప్రొడక్షన్ విండోలో కొట్టేస్తారు, ఆ రాత్రి కూర్చున్న మనిషి లేకపోతే మర్నాడు ఎవరికీ ఏమీ తెలియదు. పెద్ద టేబుల్ మీద ఎప్పుడో ఒకసారి చేసే ఆల్టర్‌కు, ఇద్దరు కూర్చుంటే, ఒప్పుకోండి. రోజువారీ పద్ధతిగా వద్దనండి.

ఫ్లైవే మంచిదే. కొటేషన్ల లోపలి సెమికోలన్లను అర్థం చేసుకుంటుంది, ఏ ఫైలు ఎప్పుడు నడిచిందో టేబుల్లో రాసుకుంటుంది, ఒకసారి నడిచిన ఫైలును ఎవరైనా మార్చితే చెక్‌సమ్ (ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్య) తేడా పట్టుకుని ఆగిపోతుంది. కానీ అది తెస్తే రోల్‌బ్యాక్ వస్తుందని మీ సహోద్యోగి అనుకుంటుంటే నిరాశే. మైఎస్‌క్యూఎల్ చేయని పని ఏ టూలూ చేయించలేదు. మీ ఫైలే ఫ్లైవేలో నడిపినా పై మూడూ నిలిచేవి. ఆ ఫైలు విఫలమైందని రాసుకుని, మీరు చేత్తో శుభ్రం చేసి రిపేర్ కమాండ్ ఇచ్చేదాకా ముందుకు కదిలేది కాదు. పోస్ట్‌గ్రెస్‌కు మారడం ఈ ఒక్క కారణానికైతే చాలా ఖరీదు. అక్కడ కూడా క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ, వాక్యూమ్ లాంటివి ట్రాన్సాక్షన్ లోపల నడవవు. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌తో ఫైలు నడిపితే, ఆన్ ఎర్రర్ స్టాప్ పెట్టకపోతే ఎర్రర్ వచ్చినా తర్వాతి లైనుకు పోతుంది. ఇది లీడ్ గారికి కూడా చెప్పొచ్చు.

ఈ నాలుగింటికీ ముందు మీరు రేపే చేయగలిగింది ఇంకొకటుంది, టూల్ ఏదైనా పనికొస్తుంది: టేబుల్ కట్టడాన్ని మార్చే స్టేట్‌మెంట్ ఫైలుకు ఒక్కటే ఉండాలి. మీ ఆరూ ఆరు ఫైళ్లయి ఉంటే, నాలుగోది పడిపోయాక మళ్లీ నడిపినప్పుడు నాలుగో ఫైలు నుంచే మొదలయ్యేది. ఫ్లైవే లాంటి మరో టూల్ లిక్విబేస్ వాళ్లు కూడా ఒక్కో చేంజ్‌సెట్‌లో ఒక్కో మార్పే పెట్టమంటారు. ఫోల్డర్ నిండిపోతుందని ఎవరో ఒకరు గొణుగుతారు, గొణగనివ్వండి. ఒకే టేబుల్‌కు మూడు మార్పులుంటే ఒకే ఆల్టర్‌లో కామాలతో కలపొచ్చు. అప్పుడు మూడూ అవుతాయి, లేదా మూడూ కావు. కాకపోతే వాటిలో ఒక్కదానికి టేబుల్ మళ్లీ కట్టాల్సివస్తే, క్షణంలో అయ్యే మిగతావి కూడా దాంతోపాటే ఆగుతాయి. వరుసగా ఇన్‌సర్ట్‌లూ అప్‌డేట్‌లూ మాత్రమే ఉన్న ఫైల్లో ఎన్ని పెట్టినా పరవాలేదు, అక్కడ మీ స్టార్ట్ ట్రాన్సాక్షన్ నిజంగానే పనిచేస్తుంది.

కాలమ్ ఉందో లేదో చూసి చేర్చేలా ఫైళ్లు రాయమని కొందరంటారు. మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన మరియాడీబీలో ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి కాలమ్ చేర్చొచ్చు, మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు. ఇన్ఫర్మేషన్ స్కీమాలో వెతికి ప్రొసీజర్ రాసుకోవాలి. పైగా ఆ పేరుతో కాలమ్ ఉందంటే సరైన టైపుతో ఉందని కాదు కదా.

ఐదో స్టేట్‌మెంట్‌ను మాత్రం ఈ విడుదలలోంచి పూర్తిగా తీసేయండి. కొత్త కాలమ్ చేర్చడం, యాప్ రెండిట్లోనూ రాయడం, చదవడం కొత్తదానికి మార్చడం, కొన్ని వారాలు చూశాక పాతదాన్ని తీయడం: ఇవి వేర్వేరు విడుదలల్లో జరగాలి. శుక్రవారం అన్నీ సవ్యంగా నడిచి ఉంటే, కొత్త యాప్ పైకి వచ్చేదాకా పాత యాప్ లేని కాలమ్ కోసం వెతుకుతూ బిల్లులు ఆపేసేది. కొత్త యాప్‌లో బగ్ ఉండి పాతదానికి వెనక్కి పోదామన్నా దారి ఉండేది కాదు.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీకు తర్వాత తగలబోయేది ఇదే. ఆల్టర్ మొదలవ్వాలంటే ఆ టేబుల్ మీద మెటాడేటా లాక్, అంటే టేబుల్ కట్టడం మీద తాళం, దొరకాలి. ఎవరో నెలవారీ రిపోర్టు తెరిచి, ఆ ట్రాన్సాక్షన్ అలాగే వదిలేస్తే ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి మామూలు సెలెక్ట్ కూడా ఆల్టర్ వెనకే నిలబడుతుంది. కొళాయి కింద ఒకరు డ్రమ్ము పెట్టి ఇంట్లోకి వెళ్లిపోతే వెనక చెంబు తెచ్చుకున్నవాళ్లూ ఆగాల్సిందే, అలా. డేటాబేస్ ఖాళీగానే ఉంటుంది, షాపుల్లో బిల్లులు మాత్రం రావు. లాక్ వెయిట్ టైమౌట్ అనే సెట్టింగ్ దీనికోసమే ఉంది, దాని మామూలు విలువ 31,536,000 సెకన్లు. అంటే ఏడాది. మైగ్రేషన్ నడిపే సెషన్‌లో దాన్ని అయిదు సెకన్లో పది సెకన్లో చేయండి. లాక్ దొరక్కపోతే ఆల్టర్ ఎర్రర్‌తో పడిపోతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఫైలుకు ఒక్క ఆల్టరే ఉంటే ఆ మళ్లీ ప్రయత్నించడం ఎంత సులువో మీకే తెలుస్తుంది.

డిప్లాయ్‌మెంట్ పని వదిలేయాలా అన్నారు. అడిగితే ఇస్తారు, కొన్నాళ్లు నిద్ర పడుతుంది. కానీ ఆ టీమ్‌లో రోల్‌బ్యాక్ ఎందుకు కాలేదో తెలిసిన మనిషి ఇప్పుడు మీరొక్కరే. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే వాళ్లు అదే ఫైలు పద్ధతితో అదే చోట పడతారు. మధ్యేమార్గం ఒకటుంది: ప్రొడక్షన్‌లో నడిపేటప్పుడు ఇద్దరు ఉండాలని, శుక్రవారం రాత్రి కాకుండా వారం మధ్యలో షాపులు మూసే వేళకు నడపాలని అడగండి. నడిపే ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే చోట తెరిచి చూశాకే మొదలుపెడతామనండి. ఈ మూడూ ఒప్పుకోకుండా బాధ్యత మాత్రం మీ మీదే ఉంచుతామంటే, అప్పుడు వదిలేయడమే సరైంది. ఆ మాట మెయిల్‌లో రాసి వదిలేయండి.

చివరగా డెలిమిటర్. అది ఎస్‌క్యూఎల్ కాదు, మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్ క్లయింట్‌కు మాత్రమే తెలిసిన మాట. ప్రొసీజర్ లోపలి సెమికోలన్ల దగ్గర తొందరపడి పంపేయకుండా ఆ క్లయింట్‌కు మనం చెప్పే గుర్తు. మీ రన్నర్ ఆ లైనును అలాగే సర్వర్‌కు పంపుతుంది, సర్వర్‌కు అది అర్థంకాక సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. రన్నర్ కోసం రాసే ఫైల్లో డెలిమిటర్ లైన్లు, ఎండ్ తర్వాత ముగింపు గుర్తుగా పెట్టే రెండు స్లాష్‌లూ తీసేసి, ఒక్క ప్రొసీజర్‌నే ఒక ఫైలుగా పంపండి. నడుస్తుంది.